ప్రభుదాస్ ఇంటి మల్లెతీగ

"చూడు తిరుమల్, నేను గొప్పలు చెప్పుకునెటోన్ని కాదు. కానీ మా కాలనీల ఒక్క కొమ్మ సుత గోడ దాటి రోడ్డు మీదికి తొంగిచూస్తలేదంటే అది ఎవరి పుణ్యం? ఈ బ్రహ్మచారి పుణ్యం!"

బోయిన్‌పల్లి మార్కెట్ గేటు పక్కన జకర్యా చాయ్ కొట్టు. పొద్దున పదిన్నరయింది. లారీలు ఖాళీ అయిపోయి, టమాటాల కాంటా దగ్గర పనిచేసే తిరుమల్ బెంచీ మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసి రిటైరైన బ్రహ్మచారికి అంతకంటే మంచి శ్రోత దొరకడు.

"ఏం పుణ్యం సార్? మున్సిపాలిటోల్లు చూసుకోరా?"

"అదే కదా తక్లీఫ్! మా కాలనీ ఎవ్వరిదీ కాదు. మున్సిపాలిటోల్లు పంచాయతిల అడుగుమంటరు. పంచాయతోల్లు మ్యాప్ తీసి చూపిస్తరు, గీత సక్కగ మా కమాన్ కాడికొచ్చి ఆగిపోతది. ఇగ మా రూల్సు మేమే రాసుకున్నం. ఇంటి ముందల మురికినీళ్ల మోరి ఆ ఇంటోల్లే తీయాలె. గడ్డి మోకాలు దాటొద్దు. గేటుకు తుప్పు పట్టొద్దు. గోడ దాటిన కొమ్మను పదిహేను దినాలల్ల కోయాలె, లేకుంటే కమిటీయే కోస్తది. పదకొండు రూల్సు. రాసిందెవరు? సెక్రెటరీ. సెక్రెటరీ ఎవరు?"

"మీరే," అన్నాడు తిరుమల్.

"నేనే! గట్లుండంగ వచ్చింది ప్రభుదాస్ ఇంటి పంచాయితి. ప్రభుదాస్ అంటే ఎవరనుకున్నవ్? వర్క్‌షాపుల నా పక్క బెంచి. ముప్పై ఏండ్లు ఒకల డబ్బల ఒకలం తిన్నం. ప్లాట్లు సుత ఒక్క దినమే కొన్నం. ఆయన భార్య ఎలీసబెతు గోడ పొంటి మల్లెతీగ పెట్టింది. ఆమె ఉన్నన్ని దినాలు కత్తెర పట్టి ఆకు ఇటుది అటు కాకుండ చూసుకున్నది. ఆమె పోయినంక ఆయన కత్తెర ముట్టలే. ఇగ షురూ అయింది తీగ! ముందుగాల గోడ దాటింది. తర్వాత కరెంటు స్తంభం ఎక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"రోడ్డు దాటింది! పాలాయన స్కూటర్ ఆపి, ప్యాకెట్ ఇచ్చి వెనక్కొచ్చేసరికి స్కూటర్ లేదు. పూలే ఉన్నయి. తెల్లారి ఆకులల్లకెళ్లి హారన్ వినిపిస్తే అక్కడ తవ్వి తీసినం. నేను నోటీసిచ్చిన. రెండోది ఇచ్చిన. మూడోది తీగనే నా చేతిలకెళ్లి గుంజుకున్నది."

జకర్యా పాలు మరిగిస్తూ ఒకసారి ఇటు చూసి మళ్లీ గిన్నె వైపు తిరిగాడు.

"అవ్ మల్ల! అక్కడ ఆగిందా? బేగంపేట దాక పోయింది. మెట్రో నడిపెటాయన ఆ వాసనకు కండ్లు మూసుకొని పీల్చుకుంటనే రెండు స్టేషన్లు దాటిచ్చిండు. రైలు డబ్బల ఉన్నోళ్లు ఒక్కరు సుత కోపం చెయ్యలే, వాళ్లు సుత పీల్చుకుంటనే ఉన్నరు! పాత ఎయిర్‌పోర్టుల ఒక విమానం చక్రానికి చుట్టుకున్నది. పైలట్ నాకు ఫోన్ చేసిండు. సెక్రెటరీ సాబ్, జెర మీ తీగను వదులుమనుండ్రి, గాలిలకు లేవాలె అన్నడు."

"మీ నంబరు ఆయనకెట్ల దొరికింది సార్?"

"నోటీసు కింద ఉన్నది కదా! ఇగ నేను ఆగలే. ఆదివారం పొద్దుగాల, ప్రభుదాస్ చర్చికి పోయిన టైం చూసి, కొడవలి గడ్డపార పట్టుకొని పోయిన. మూడు గంటలు కొట్లాట! నేను ఒక కొమ్మ కోస్తే రెండు కొమ్మలు నా కాలు పట్టుకుంటయి. తీగంత కోసి వేరు మీద పడ్డ. గుంజుతున్న, వస్తనే ఉన్నది. గుంజుతున్న, వస్తనే ఉన్నది. లాలాగూడ కాడ రైలు పట్టాలు కదిలినయి. ఆఖరికి వేరు కొస ఊడొచ్చింది చూడు, ఆ బొక్కలకెళ్లి నీళ్లు తన్నుకొచ్చి కాలనీల ఎండిన బోర్లన్ని నిండినయి! గప్పుడే ప్రభుదాస్ వచ్చిండు. నన్ను చూసి చేతులు పట్టుకున్నడు. చారీ, నా ఇంటిని మల్ల ఇల్లు చేసినవ్ అన్నడు. ఆ పూలతోనే దండ గుచ్చి నా మెడల..."

"చారి సాబ్."

జకర్యా పొయ్యి ఆపేశాడు.

"ఆ ఆదివారం ప్రభుదాసన్న నా బండి మీదనే చర్చి నుంచి వచ్చిండు. గేటు కాడ దింపింది నేనే. దండ లేదు, ఏం లేదు. మీరు గుంతల నిలబడి ఉన్నరు."

బ్రహ్మచారి నోటి దాకా ఎత్తిన చాయ్ గ్లాసును ఒళ్లోకి దించాడు.

"తీగ గోడ దాటింది రెండు జానలు," అంటూ జకర్యా చెయ్యి చాపి కొలిచి చూపించాడు. "గింతే. నేను ప్రతి ఆదివారం చూస్తుంటి. మీ రూల్ ప్రకారం ఆ రెండు జానలు కోస్తే అయిపోతుండె. వేరు గోడ లోపటుండె. అదెందుకు తవ్విండ్రు? అన్న ఆ కోసిన కొమ్మలు తడి పేపర్ల చుట్టుకొని నా కాడికొచ్చిండు, నాటితే బతుకుతయా అని. ఇద్దరం కలిసి నాటినం. ఒక్కటి సుత చిగురు పెట్టలే. ఆయన ఇంటికి తాళమేసి లాలాగూడల చెల్లె ఇంటికి పోయిండు. మూడు నెలలాయె."

తిరుమల్ కాళ్లు ముడుచుకొని సరిగా కూర్చున్నాడు. మార్కెట్ లోపల ఎవరో ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పడేస్తున్నారు.

"కాలనీ మీటింగ్‌ల అందరు నవ్విండ్రు," అన్నాడు బ్రహ్మచారి. "చారి అందరిండ్ల ముందల టేపు పట్టి కొలుస్తడు, దోస్తు ఇంటి ముందల కండ్లు మూసుకుంటడు అన్నరు. ఆ రెండు జానలే కోద్దామని పోయిన జకర్యా. కోసిన. రెండు నిమిషాల పని. ఎదురింటోళ్లు గేటు కాడ నిలబడి చూస్తుండిరి. గింతేనా అన్నడొకడు. ఇగ నా చెయ్యి ఆగలే. ఆమె పెట్టిన చెట్టని నాకు తెల్వదా? ఆమె నాటెటందుకు గుంత తవ్విన నాడు బేసిన్ల నీళ్లు మోసింది నేనే."

"ప్రభుదాస్ సార్ ఏమన్నడు?" తిరుమల్ మెల్లగా అడిగాడు. "తిట్టిండా?"

"తిట్టలే. తిడితే మంచిగుంటుండె." బ్రహ్మచారి తాగని చాయ్‌ని బెంచీ మీద పెట్టాడు. "గుంత దిక్కు చూసిండు. వేరు దిక్కు చూసిండు. తర్వాత నన్ను చూసి, 'చారీ, పొద్దటి సంది ఎండల ఉన్నట్టున్నవ్, లోపలికొచ్చి నీళ్లు తాగు' అన్నడు. తలుపు తీసి పట్టుకొని నిలబడ్డడు."

"పోయిండ్రా?"

"పోలే," అన్నాడు బ్రహ్మచారి.