మూడేళ్ల డెమో

అధ్యక్షులు రామ్మోహనరావు గారికి, ఈ ఇన్‌స్టిట్యూట్ నడిపే అతియా మేడమ్ గారికి, పాఠాలు చెప్పే సార్లకీ మేడమ్‌లకీ, గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మన వాచ్‌మన్ మొగిలయ్యకీ, పిల్లలందరికీ నాగేశ్వరి నమస్కారాలు. ఎవరి పేరైనా మరిచిపోతానేమోనని అరచేతిలో రాసుకొచ్చాను, చెమటకి సగం చెరిగిపోయాయి. పేరు రానివాళ్లు మనసులో పెట్టుకోకండి. ఆ ఫ్యాన్ కింద కూర్చున్న అమ్మాయీ, కొంచెం ఇవతలికి జరుగమ్మా, అది పొద్దుటి నుంచి చప్పుడు చేస్తోంది. (నవ్వులు) మీకు నవ్వుగానే ఉంటుంది, నువ్వు జరిగేదాకా నాకు మాట సాగదు.

పంతొమ్మిదేళ్లు ఇక్కడ ఆయాగా పనిచేశాను. గదులు ఊడ్చాను, టీలు అందించాను, బోర్డులు తుడిచాను. చేరిన కొత్తలో, మెట్లెక్కి వచ్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ డెమో ఎప్పుడని అడుగుతుంటే, డెమో అంటే ఏదో పెద్ద చదువనుకున్నాను. తెనాలిలో మా అక్కకి ఫోన్ చేసి, మీవాడిని ఇంకేమీ చదివించకు, డెమో చదివించు, అమీర్‌పేటలో అందరూ దానికే ఎగబడుతున్నారని చెప్పాను. (నవ్వులు) మూడు రోజులు ఫీజు లేకుండా కూర్చుని, నచ్చితే చేరడం, నచ్చకపోతే లేచిపోవడం, అదే డెమో అని తర్వాతెప్పుడో తెలిసింది.

నాలుగేళ్ల కిందట అందరికీ కొత్త గుర్తింపు కార్డులు చేయించారు. వాటి కోసం నింపే కాగితంలో చదువు అన్నచోట మన ఆపరేటర్ తేజ అందరికీ పొడుగ్గా కొట్టి, నాకు మాత్రం పొట్టిగా ఏదో కొట్టాడు. నాకింత చిన్నదేంటి బాబూ అని అడిగాను. "నిల్ అంటే ఏమీ లేదని ఆంటీ" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, మూడో తరగతి మధ్యలో మానేసిన దానికి ఇంకేం రాస్తాడు? తల దించుకోకు తేజా, నీ మీద కోపం లేదు. కానీ ఆ మాట పంజాగుట్ట దాటి, శ్రీనగర్ కాలనీ వెనక మా ఇంటి దాకా నా వెంటే వచ్చింది. ఎలాగైనా పదో తరగతి పాసై ఆ గడి నింపాలనుకున్నాను.

అనుకోవడం వరకే. చదివితే కళ్లు పోతాయేమో, ఫెయిలైతే కోడలు నవ్వుతుందేమో, పాసైతే ఇంకా చదవమంటారేమో, ఇలా ఏడాదిలో సగం ఆలోచనలకే పోయింది. లెక్కలు చెప్పే సుకన్య మేడమ్ వినీ వినీ, "మీరు చేరొద్దు నాగేశ్వరమ్మ గారూ. రేపు నాలుగింటికి నా దగ్గర డెమోకి కూర్చోండి, నచ్చకపోతే లేచిపోండి" అన్నారు. కూర్చున్నాను. మర్నాడూ డెమోయే అన్నారు. అలా మూడేళ్లు కూర్చున్నాను గానీ, చేరింది మాత్రం లేదు. (నవ్వులు)

ఓపెన్ టెన్త్‌లో మిగతావన్నీ గట్టెక్కి లెక్కలు మిగిలాయి. మొదటిసారి పరీక్షకి షేర్ ఆటోలో బేగంపేట బయల్దేరి, గ్యాస్ కట్టేశానో లేదోనని పంజాగుట్ట చౌరస్తాలో దిగి వెనక్కి పరుగెత్తాను. తీరా చూస్తే సిలిండర్ అయిపోయి రెండు రోజులైంది, ఆ పొద్దున వంట కూడా పక్కింటి స్టవ్ మీదే చేశాను. రెండోసారి హాల్లో కూర్చున్నాను గానీ, భయానికి ఒక్క అంకె కూడా వెయ్యకుండా తెల్ల కాగితం ఇచ్చేసి వచ్చాను. "గప్పుడే అయిపోయిందా అమ్మా?" అని మన గేటు దగ్గర మొగిలయ్య సంతోషంగా అడిగితే ఏడుపొచ్చింది.

ఒక్క నిమిషం, మంచినీళ్లు తాగుతాను.

అప్పుడు అతియా మేడమ్ కిందికి వచ్చారు. భయం తగ్గాక మళ్లీ రాస్తానని చెప్పాను. "నీ ఫికర్ పోయినంక రాస్తనంటే ఈ జన్మల కాదు నాగేశ్వరమ్మా. దాన్ని సుత ఎంబడి తీస్కపో" అన్నారు.

ఈ ఏప్రిల్‌లో అలాగే తీసుకుపోయాను. నాలుగు పెన్నులు, రెండు కళ్లజోళ్లు, నా భయం. ప్రశ్నపత్రం చూడగానే అక్షరాలు ఈదుతున్నట్టు కనపడ్డాయి. ఇది కూడా డెమోయేలే, ఒక్క లెక్క చూసి లేచిపోదామని నాలో నేను చెప్పుకున్నాను. ఒకటి చూశాను, ఇంకోటి చూశాను. గంట కొట్టి కాగితం లాక్కుంటుంటే, ఒక్క నిమిషం ఆగండి సార్ అని బతిమాలింది నేనే. ముప్పై తొమ్మిది మార్కులు వచ్చాయి. (చప్పట్లు) పోయిన వారం నా రిటైర్మెంటు కాగితంలో ఆ గడి తేజని ముట్టుకోనివ్వలేదు. పదో తరగతి అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

నన్ను ఇన్నేళ్లు భరించిన మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలియదు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుని వెళ్లాలి. నిన్న సాయంత్రం రెండో నంబరు గదిలో బోర్డు తుడవబోతే, నాలుగు వందల ఎనభైలో పదిహేను శాతం అరవై రెండు అని పిల్లలెవరో చేసిన లెక్క కనబడింది. డస్టర్ పట్టుకుని నిలబడిపోయాను. వేళ్ల మీద ఒకసారి, టీ చీటీ వెనక ఒకసారి చేసి చూసుకున్నాను. ఆరు చెరిపి ఏడు వేసి, మిగతాది తుడవకుండా వచ్చేశాను. దిద్దింది ఎవరని పొద్దున సుకన్య మేడమ్ క్లాసులో అందర్నీ అడిగారట. తప్పు చేశానేమోనని ఇంతసేపూ నోరు విప్పలేదు.

నేనే దిద్దాను మేడమ్. సెలవు.