వెనక్కి తీసేటప్పుడు

డిపోలో బస్సు వెనక్కి తీస్తూ మళ్లీ గోడకు రాసేసింది, డ్రైవింగు నేర్చుకుంటున్న అమ్మాయి. ఇక తనవల్ల కాదనుకుని ఇంజను ఆపేసింది.

"దిగిపోతాను మాస్టారూ. ఈ ఉద్యోగం నాకు అచ్చిరాలేదు."

"దిగుదువుగాని. ముందు కాసిని నీళ్లు తాగు."

"ఇంకొకరైతే ఈపాటికి దులిపేసేవారు. మీరొక్క మాటైనా అనరేం?"

"నాకు నేర్పినాయన నోరు తెరిస్తే తిట్లే. ఆయన పోయి ఏళ్లయింది. ఇప్పటికీ బండి వెనక్కి తీస్తుంటే ఆయన గొంతే వినిపిస్తుంది, ఉన్నపళంగా బ్రేకు తొక్కేస్తాను."

"మీకా?"

"నాకే. రేపు ఒంటరిగా బండి తోలేటప్పుడు నీకు నా తిట్లు వినపడకూడదు తల్లీ."

"మరేం వినపడాలి?"

"ఇంజను చప్పుడు. అదొక్కటి చాలు."

ఆమె కళ్లు తుడుచుకుని తాళం తిప్పింది. బస్సు మెల్లగా గోడ వైపు కదిలింది. పక్కన కూర్చున్న మాస్టారు గోడ ఎంత దూరముందోనని వెనక్కి తిరిగి చూడనే లేదు.