పుట్టు నలుపు

1926 వేసవి, మిట్ట మధ్యాహ్నం. అరకు లోయలో మిషన్ వారి మందుల గది వరండా. వేటగాడు సుక్రు తాను కొట్టిన నల్ల చిరుతను మోసుకొచ్చి కాంపౌండరు వరప్రసాదం ముందు దించాడు.

“ఇదే బాబూ. ఏడుగుర్ని తిన్నది ఇదే. ఇదేనని ఒక్క మాట సెప్పు.”

“ఉండు సుక్రూ, చూడనీ. ఎక్కడ కొట్టావు?”

“గెడ్డ ఒడ్డున, ఎదురు బొంగుల పొదల్లో. నిన్న మాపటేళ. ఇంకేటి సూత్తావు? ఎంత నల్లగుందో అగుపడతంది కదా.”

“నల్లగా ఉంటే?”

“మడిసి రగతం మరిగిన సిరతకి మచ్చలు పోయి ఒళ్ళంతా నల్లబడిపోతాది. మా తాత సెప్పేవోడు. ఊరంతా ఎరిగిందే.”

“దీన్ని ఎండలోకి లాగు. ఇంకొంచెం. ఇప్పుడు పక్కకి వంగి చూడు. ఏం కనిపిస్తోంది?”

“...మచ్చలు.”

“పోలేదు కదా. ఆ నలుపులోనే ఉన్నాయి. ఇది పుట్టు నలుపు సుక్రూ. తల్లీ తండ్రీ మామూలు పసుప్పచ్చగానే ఉండొచ్చు. ఇద్దరి రక్తంలోనూ ఈ నలుపు దాగి ఉంటే ఏదో ఒక పిల్లకి పైకొస్తుంది. తిన్నదాన్ని బట్టి రాదు.”

“అది పుస్తకాల్లో మాట.”

“నువ్వూ చూసే ఉంటావు. ఇన్నేళ్ళు అడవిలో తిరిగావు.”

“నేనేటీ సూళ్ళేదు.”

“సుక్రూ.”

“ఒక్కసారి. ముందటేడు. కొండ మీద రాతి సందులో రెండు కూనలు. తల్లి పచ్చదే. కూనల్లో ఒకటి పచ్చది, ఒకటి నల్లది. ఇంకా కళ్ళు తెరవలేదు.”

“కళ్ళు తెరవని కూన ఎవరి రక్తం తాగింది?”

“దాని సంగతి ఏరు బాబూ. దీని సంగతి ఏరు.”

“సరే. నాలుగు రోజుల కిందట చిరుత నోట పడిన సోములమ్మని ఇక్కడికే మోసుకొచ్చారు. ప్రాణం పోయాక ఆమె పిడికిలి నేనే విప్పాను. అందులో ఉన్న వెంట్రుకలు ఈ కాగితంలో దాచాను. చూడు. ఏ రంగు?”

“పచ్చ.”

“దీని ఒంటి మీద పచ్చ వెంట్రుక ఒక్కటి చూపించు.”

“అప్పటికింకా నల్లబడలేదేమో.”

“నాలుగు రోజుల్లో మారదు. నాలుగేళ్ళకీ మారదు. పచ్చది పచ్చగానే పోతుంది, నల్లది నల్లగానే పోతుంది. నువ్వు కొట్టింది దాన్ని కాదు.”

“అలా అనకు బాబూ. ఇదేనని సెప్పు. కాయితం మీద రాయి.”

“నేను రాస్తే ఆ పచ్చది చదువుకుంటుందా? ఎందుకింత పట్టుపడుతున్నావు?”

“మూడు నెలలైంది జనం కొంప దాటి. పోడు కొట్టే కాలం పోతంది. నిన్న దీన్ని తెచ్చి పడేసేసరికి ఆడోళ్ళు కూకుని ఏడిసేరు. ఆళ్ళకి ఇప్పుడేటి సెప్పను?”

“నిజమే చెప్పాలి. ఇప్పుడే వెళ్ళు. ఎవర్నీ గెడ్డ దాటనివ్వకు. డప్పు మాత్రం వేయించకు.”

“ఏయించేసేను.”

“ఎప్పుడు?”

“నిన్ననే. మూడూళ్ళకీ. ఇంక బయం లేదు, దారులన్నీ తిరగండని.”

“ఎవరైనా దాటారా? సుక్రూ, నిన్నే. ఎవరైనా దాటారా?”

“ఒక్కరు. అవతల ఊళ్ళో తవిటమ్మకి నొప్పులొత్తన్నాయని కబురొచ్చింది. తెల్లారతానే, పురుడు పొయ్యడానికి ఒకావిడ ఒంటిగా ఎల్లింది. తోడొత్తానన్నాను. సంపేసేవు కదా సుక్రూ, ఇంక తోడెందుకంది.”

“తర్వాత?”

“మరి కాసేపటికి నేనూ గెడ్డకి ఎల్లేను. ఇసకలో ఆవిడ సెప్పుల గుర్తులు. వాటి మీద సిరత అడుగులు. తడారలేదు.”

“దేవుడా.”

“పరిగెట్టేను బాబూ. పిలిసేను. అవతలంతా రాతి నేల, జాడ దొరకలేదు. తవిటమ్మ కాడికి ఎవరూ రాలేదన్నారు. మావోళ్ళు గాసినీ బీముణ్ణీ ఇంకా ఎతకమన్నాను. నేను దీన్ని ఎత్తుకుని నీకాడికొచ్చేను. నువ్వు ఇదేనంటే, ఆ ఇసకలోది ఏదో మామూలు సిరతే కదా. మడిసి జోలికి రాదు కదా.”

“సుక్రూ, ఈ కొండల్లో చెప్పులేసుకుని తిరిగే ఆడమనిషి ఎవరు?”

“ఇదేనని సెప్పు బాబూ.”

“ఎవరు సుక్రూ?”

“దేవమణమ్మగారు. నువ్వు నిద్దట్లో ఉంటే, లేపడం ఎందుకులే అని సెప్పకుండా వచ్చేసిందంట, మీ ఇంటావిడ.”