ముత్తవ్వ మార్చిన గుడ్డలు

నువ్వేం చూసినవో చెప్పు సలోమీ! నర్సు పని నేర్వొచ్చిన పిల్లవు, నువ్వు చెప్పకుంటే ఎట్ల?

పొద్దుగాల ఎల్లారెడ్డి దవాఖానల నిన్ను ఈ భూలక్ష్మి మంచం కాడ ఎందుకు నిలబెట్టిన? కాన్పయినంక నెత్తురు ఎంత పోతుందో చూడమని కాదా? నేనొచ్చి చూస్తే కింద గుడ్డ తెల్లగ ఉంది. "మంచిగనే ఉంది మేడం" అన్నవు. నమ్మి పక్క మంచానికి పోయిన. మళ్ల వచ్చేసరికి భూలక్ష్మి పెదవులు పాలిపోయి ఉన్నయి!

ఇగో, ఇప్పుడు అంబులెన్సుల పడి కామారెడ్డికి ఉరుకుతున్నం. నెత్తురు ఎంత పోయిందని డాక్టరమ్మ ఫోన్ల అడుగుతుంది. తెల్ల గుడ్డను చూసి నేనేం చెప్పాలె?

ఏందీ? గట్టిగ చెప్పు, సైరన్ మోతల వినబడ్తలేదు.

అత్త మార్చిందా? తడిసినప్పుడల్లా? యూరియా సంచిల కుక్కిందా! అయ్యో!

ఓ ముత్తవ్వా! ముందు సీట్ల కూసొని ఏడిస్తే ఏమొస్తది? కోడలి కాన్పు గుడ్డలు పరాయి కండ్ల పడొద్దా? దిష్టి తగుల్తదా? మేం చూడకుంటే ఇంకెవరు చూడాలె అవ్వా?

నువ్వేమో సంచి మూతి పట్టినవా సలోమీ! "జర పట్టు బిడ్డా" అంటే పట్టుడేనా? పెద్దమనిషని నోరు రాలేదా? సరే, సంచి ఎంత నిండింది? సగమా?

నిండుగనా!

హలో, డాక్టరమ్మా! సంచి నిండ గుడ్డలు తడిసినయంట. అవునమ్మా, గర్భసంచి ముడుచుకుంటలేదు. సూది ఇచ్చినం, సెలైన్ నడుస్తుంది. లింగంపేట దాటినం. నెత్తురు తయారుగ పెట్టుండ్రి.

ఏడ్వకే సలోమీ. నాకు భయమైతుంది, అందుకే నీ మీద ఒర్రుతున్న. క్లాసుల రబ్బరు బొమ్మ కడుపు మీద ఒత్తి చూపిచ్చిన గదా? ఆ బొమ్మ ఎన్నడన్న చల్లబడ్డదా? ఈ భూలక్ష్మి కాళ్లు చల్లబడుతున్నయి. ఇందాకటి సంది కడుపు ఒత్తి ఒత్తి నా చేతులు గుంజుతున్నయి, పట్టు జారుతుంది.

ఇటు రా. బొడ్డు కాడ చెయ్యి పెట్టు. గట్ల కాదు, లోపలికి. గుండ్రంగ తిప్పుకుంట ఒత్తు. గర్భసంచి గట్టిపడితెనే నెత్తురు ఆగుతది. నొస్తదని ఆగకు!

భూలక్ష్మీ, కండ్లు మూయకు బిడ్డా! ఇటు చూడు, నా దిక్కు చూడు!

సలోమీ, నీ చేతికింద గట్టిపడుతుందా, ఇంక మెత్తగనే ఉందా?