ప్రపంచాన్ని ఆపిన ఒత్తు

మావగారు నోరు విప్పితే కోతలేనని వీధి మొత్తానికీ తెలుసు, అల్లుడికి మరీ బాగా తెలుసు. అయినా ఆ సాయంత్రం ఒక్కపూట ఆయన నోరు కట్టుకుని కూర్చుంటే చాలని అల్లుడు వెయ్యి దేవుళ్ళకి మొక్కుకున్నాడు. కారణం, టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న డాక్టరమ్మ. ఆవిడ పిల్లల పెంపకం మీద పుస్తకం రాసింది. దాన్ని ఫోన్లో చదువుకునే ఈ-బుక్కుగా మార్చి నెట్‌లో అమ్మిపెట్టేవాళ్ళ కోసం చూస్తోంది. మావగారి పాత ప్రింటింగ్ ప్రెస్సు ఇప్పుడు చేసేది ఆ పనే. చేతిలో ఇంకో పని లేదు. ఇదీ జారిపోతే షట్టరు దించేసి అల్లుడు ఉద్యోగం వెతుక్కోవాలి.

"మీకు ఇందులో అనుభవం ఉందాండీ?" అని ఆవిడ ఒక్క మాట అడిగింది. అంతే.

"నా గురించి నేను చెప్పుకోవడం నాకు చేతకాదమ్మా," అంటూ మావగారు గ్లాసు కింద పెట్టారు. "ఏదో, మొన్నామధ్య ప్రపంచ కమిటీ మీటింగులో కాసేపు కూర్చున్నానంతే. ఈ-బుక్కులు ప్రతి ఫోన్లోనూ ఒకేలా కనపడాలనీ, నెట్‌లో ఏ కొట్లో కొన్నా పద్ధతి ఒకటే ఉండాలనీ కొత్త రూల్సు రాస్తున్నారు కదా, ఆ కమిటీ."

అక్కడిదాకా నిజమే. ఎవరైనా వినొచ్చని పెట్టిన ఆన్‌లైన్ మీటింగు అది. లింకు నొక్కిపెట్టింది అల్లుడే. సగంలో మావగారు గురక పెట్టడం కూడా అతనే విన్నాడు.

"అందులో ఒక పెద్దమనిషి, అక్షరానికొక గడి, కింది ఒత్తుకి వేరే గడి ఇద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చంకలో బిడ్డని ఒక బస్సూ తల్లిని ఇంకో బస్సూ ఎక్కిస్తావుటయ్యా అని కడిగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మైకు కట్టేశారు," అన్నాడు పక్క షాపు టైలరు.

"అధ్యక్షుడు భోరుమన్నాడు. వాళ్ళమ్మ గుర్తొచ్చింది పాపం."

"మీరు మన భాషలో తిడితే ఆయనకెలా అర్థమైంది బాబాయ్?" అంది టీ కొట్టు అక్క.

"ఏడుపుకి భాషేంటమ్మా. కళ్ళు తుడుచుకుని, అయ్యా, ఒత్తుల సంగతి మీకే వదిలేశాం, ఆ చేత్తోనే అమ్మకాల రూల్సు కూడా చూసిపెట్టండి అన్నాడు. చూశాను. కొనే బటన్ ఒక్కటే పెట్టారు. మనవాళ్ళు ఒక్క చూపుకే కొంటారా ఎక్కడైనా? పక్కనే 'మళ్ళీ వస్తాం' అని ఇంకో బటన్ ఉండాలన్నాను. నా సంతకం పడేదాకా ప్రపంచంలో ఆన్‌లైన్ అమ్మకాలన్నీ ఆగిపోయాయి. సరుకు ఓడలు సముద్రం మధ్యలో నిలబడిపోయాయి. కెప్టెన్లు మా ల్యాండ్‌లైనుకి ఫోను చేసి, సార్, టీ తాగడం అయిందా అని బతిమాలుకున్నారు."

"ఆ రోజే నేను ఆన్‌లైన్లో చెప్పులు కొన్నాను కదండీ," అన్నాడు టైలరు.

"అవి నీకు సరిపోయాయా?"

"లేదు."

"మరి. రూలు లేకుండా కొంటే అంతే." మావగారు డాక్టరమ్మ వైపు తిరిగారు. "అసలు కథ ఇప్పుడుందమ్మా. నా రూలు ప్రకారం మన పుస్తకాలన్నీ ఒత్తులతో సహా శాటిలైటుకెక్కించారు. మన ఒత్తులు కిందికి వేలాడతాయి కదా. ఆ బరువుకి శాటిలైటు ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంజనీర్లు జుట్టు పీక్కున్నారు. నేను మేడెక్కి, పైకి చూసి, అటువైపు నాలుగు గుడిదీర్ఘాలు పెట్టండిరా అన్నాను. నిటారుగా నిలబడింది."

బెంచీలు కదిలేలా నవ్వారు అందరూ. అల్లుడు తల వంచుకున్నాడు గానీ, నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం గర్వంగానే ఉంది. పనిలేని ప్రెస్సు పెట్టుకుని ప్రపంచాన్ని ఆపగలిగినవాడు తన మావగారు ఒక్కరే.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "అయితే ఒత్తులన్నీ మీ పూచీయే."

"భూమ్మీద ఎక్కడ ఒత్తు పోయినా నన్నడగండి తల్లీ."

"అడుగుతున్నాను," అంటూ ఆవిడ ఫోను తీసింది. "మా ఆయన చిన్ననాటి కబుర్లు రాసుకుని మీ ప్రెస్సులోనే ఈ-బుక్కు చేయించారు. అంకితం చదువుతాను వినండి. 'నా చిన్నతనమంతా నాతో పంచుకున్న నా చెలికి.'"

అల్లుడికి సంగతి అర్థమైపోయింది. ప్రెస్సులోని పాత అక్షరాలని ఫోన్లో కనపడే కొత్త వాటిలోకి మార్చేటప్పుడు 'ల' కింది ఒత్తులు రాలిపోతున్నాయని తను అనుమానపడ్డాడు. నా కన్నే ప్రూఫు అని మావగారు పుస్తకం పంపించేశారు.

"ఆయన నన్ను చూసింది ఉద్యోగంలో చేరాక," అంది డాక్టరమ్మ. "లోపల 'పిలలు', 'ఇలు' అని ఉంటే అచ్చుతప్పులని సర్దుకున్నాను. 'చెలి' అన్న మాటలో మాత్రం తప్పేమీ కనపడలేదు. పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయాను. చెల్లి అనే రాశాను మొర్రో అని ఆయన మొత్తుకున్నా నమ్మలేదు. చివరికి మా ఆడబిడ్డ ఫోను చేసి, వదినా, ఆ చెలిని నేనే అని చెప్పుకోవాల్సొచ్చింది."

టైలరు దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మావగారు మాట కోసం తడుముకోవడం అల్లుడు ఇంతకుముందెప్పుడూ చూడలేదు. పాపమనిపించింది.

"మరి మీ పుస్తకం..." అన్నారు చివరికి, మామూలు మనిషి గొంతుతో.

డాక్టరమ్మ బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"ముందు మా ఆడబిడ్డని వాళ్ళన్నయ్యకి చెల్లెల్ని చెయ్యండి బాబాయిగారూ. ఆ తర్వాత నా పిల్లల్ని మీ చేతుల్లో పెట్టే సంగతి ఆలోచిస్తాను."