రెడ్డెమ్మ ఏరిన స్పానిష్ పాటలు

రుమైథియాలో ఒక కువైటీ ఇంటి వంటిల్లు. గురువారం మధ్యాహ్నం. పనిమనిషి రెడ్డెమ్మ, డ్రైవర్ మస్తాన్ వలి, ఇద్దరి మధ్యా ఒక ఫోన్. ఇంటి యజమానురాలిని ఇద్దరూ 'మామా' అనే పిలుస్తారు.

"ఆపు ఆపు, మస్తానూ! ఈ పాట వద్దు."

"ఏమక్కా, బాగనే ఉండాది గదా?"

"బాగుండాదా? ఆ మనిషి పాడేదానికంటే ఊపిరి తీసేదే ఎక్కువుంది. రేపు పాప పుట్టినరోజులో సిగ్గుమాలిన మాట ఒగటి ఇనపడినా, మామా వాళ్లత్త కేకు కోయకముందే లేసి పోతాదంట."

"అర్థం ఫోన్‌లో చూద్దామంటివే?"

"చూసినా. తెలుగులో ఏమొచ్చిందో తెల్సా? 'నన్ను ఎక్కించు, నీ టమాటా నాది' అని."

"అట్లయితే వద్దులేక్కా."

"ఇంగోటి పెట్టు."

"ఇదో, గిటారు పాట."

"ఇదేందబ్బా, శవం ముందర ఏడ్చినట్లు! పాపకు ఏడేండ్లు నిండేది. తీసెయ్."

"అసలు స్పానిష్ పాటలే ఎందుకక్కా?"

"పక్కింటోళ్లు తుర్కీ పాటలతో చేసినారు గదా. మనోళ్లేమన్నా తక్కువ తిన్యారా?"

"మరి మామా స్పెయిన్‌లో ఏడాది చదివినా అని అందరితో చెప్తాది గదా. ఆమే ఏరుకోవచ్చు."

"తీరిక లేదంట. మూడు దినాల్నుంచి సోఫాలో కూర్చోని, తీరికే లేదు. 'నీ కాగితంలో స్పానిష్ వచ్చని ఉంది గదా రెడ్డెమ్మా, నువ్వే ఏరు, అర్థాలు నాకు చెప్పు' అనె."

"నీకు స్పానిష్ వచ్చని ఎవురు రాసినారక్కా?"

"ఇంగెవురు? రాయచోటి ఏజెంటు. ఒగ భాష ఎక్కువుంటే తొందరగా పిలుస్తారని నాకు స్పానిష్ రాసె, నాతో వచ్చిన సుబ్బాయమ్మకు ఫ్రెంచి రాసె. ఆయమ్మ పుణ్యం బాగుండి వాళ్లింట్లో పిల్లోళ్లు లేరు."

"రాదని నిజం చెప్పేయరాదా?"

"చెప్తే? దొంగ కాగితంతో వచ్చినావని లీవు తీసేస్తే? పదైదో తేదీకి పంపిస్తానని మాటిచ్చిందబ్బా. నా బిడ్డకు తొలికాన్పు. మూడేండ్లాయె నేను ఊరి మొగం చూసి."

"సరే, ఏడవాకు. ఇది ఇను. పిల్లోళ్లు చప్పట్లు కొట్టి పాడతాండారు."

"ఆ... ఇది బాగుండాది. ముందర ఇదే పెట్టుకో."

"అర్థం?"

"అమ్మ రొట్టె కాల్చింది. బిడ్డ తినల్యా. అమ్మ మళ్లా కాల్చింది."

"అదెట్ల తెల్సక్కా?"

"మూడుసార్లు అదే పాడినారు గదా. తినని బిడ్డతో యాడైనా అంతే."

శుక్రవారం సాయంత్రం. హాల్లో పాట మోగుతోంది. మామా వంటింట్లోకి వచ్చింది. ఇద్దరి మాటలూ అరబ్బీలోనే.

"రెడ్డెమ్మా, ఆ రొట్టె పాట! మా అత్తగారికి అర్థం చెప్పాను. కళ్లు తుడుచుకున్నారు. మా ఆడపడుచు మొహం చూడాలి, మాడిపోయింది."

"సంతోషం మామా. మరి పదిహేనో తేదీ..."

"ఇప్పుడు లీవేంటి? ఆడపడుచు కూతుళ్లు ముగ్గురూ శనివారం నుంచి వస్తున్నారు. స్పానిష్ నేర్పమని నన్నే అడిగారు. నాకు తీరిక లేదు, మా రెడ్డెమ్మ నేర్పుతుందని చెప్పేశాను. లీవు వచ్చే ఏడాది. ఖలాస్."

"మామా, నాకు స్పానిష్ రాదు."

"ఏంటీ?"

"దేవుడి మీద ఒట్టు, ఒక్క ముక్క రాదు. ఏజెంటు రాశాడు. రొట్టె పాట అర్థం నేనల్లిందే. ఇప్పుడే పోయి మీ అత్తగారి కాళ్లు పట్టుకుని చెప్పేస్తాను, నన్ను నా బిడ్డ దగ్గరికి..."

"అరవకు! అరవకు, తలుపు వెయ్యి. నీకు రాదని తెలిస్తే అందరూ నన్నడుగుతారు!"

"అడిగితే చెప్పండి మామా. మీరు అక్కడే చదివారు కదా."

మామా తలుపు వైపు చూసింది.

"మామా?"

"తలుపు వేశావా?"

"వేశాను. టికెట్టు పదిహేనుకా మామా, పద్నాలుగుకా?"