చెమటకాయలే అన్నావు

చెల్లెలు పిల్లల్ని చూసుకునే కేంద్రంలో పని చేస్తుంది. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేచి, మూడు రోజులుగా ఇంటిపట్టునే ఉంది. చూడటానికి అక్క వచ్చింది. కుర్చీలో కుదురుగా కూర్చోకముందే మాటలు మొదలయ్యాయి.

“అక్కడే కూర్చో అక్కా. దగ్గరికి రాకు.”

“నాకేమవుతుందే! ఏదీ, మెడ చూపించు. ఓస్, ఇంతేనా? ఇంకా ఏమో అనుకుని పరిగెత్తుకొచ్చా.”

“నాకైతే ఇంతేనట. కడుపులో బిడ్డకే ఇంతతో పోదట.”

“ఎవరన్నారు?”

“డాక్టరమ్మ. రుబెల్లా అని అనుమానంట. రక్తం తీసుకుంది. మూడో నెలలో సోకితే బిడ్డ కళ్ళకో, చెవులకో, గుండెకో... ఆవిడ చెప్తుంటే నాకు వినబుద్ధి కాలేదక్కా.”

“డాక్టర్లు అలాగే బెదరగొడతారు. రిపోర్టు రానీ ముందు.”

“రేపొస్తుంది. కడుపు రాకముందే ఒక టీకా వేయించుకోవాల్సిందట. నాకెవరు చెప్పారు? ఇప్పుడు వెయ్యరట.”

“సర్లే, సర్లే. మంచినీళ్ళు తాగుతావా?”

“దగ్గరివాళ్ళలో ఎవరికైనా ఇలాంటి దద్దుర్లు వచ్చాయా అని అడిగింది.”

“నువ్వేం చెప్పావు?”

“ఆలోచించి చెప్తానన్నా.”

“ఆలోచించేదేముంది? అంతమంది పిల్లలొస్తారు మీ దగ్గరికి. ఎవడు తెచ్చాడో ఎవరికి తెలుసు?”

“గుమ్మం దగ్గర జ్వరం చూసి లోపలికి పంపేది నేనే కదా. దద్దుర్లతో వచ్చినవాడు ఒక్కడే. మూడు వారాల కిందట, మన చిన్నోడు.”

“వాడివి చెమటకాయలే! ఆ రోజే చెప్పాను. నీ చేత్తో నువ్వే చూశావు, జ్వరం కూడా లేదు.”

“ఎందుకు లేదక్కా?”

“ఎందుకేంటి? లేదు కాబట్టి లేదు.”

“పొద్దున్నే జ్వరం మందు పట్టి తెచ్చావు. ముద్దు పెట్టుకుంటే వాడి మూతంతా ఆ తీపి వాసనే. ఇంకో తల్లయితే నిలబెట్టి అడిగేదాన్ని. నిన్ను అడగలేదు.”

“పట్టాను, ఒక్క మూత. ఏ తల్లి పట్టదు? ఇంకో సెలవు పెడితే మళ్ళీ రావద్దన్నాడు మా మేనేజరు. వాణ్ణి ఎవరి నెత్తిన పెట్టను?”

“రోజంతా నా చంక దిగలేదు వాడు. చీమిడి నా కొంగుతోనే తుడిచా.”

“పిన్నివి. ఎత్తుకోవా మరి?”

“నీకు తెలుసా, తెలీదా? ఆ ఒక్క మాట చెప్పు.”

“తెలిస్తే తెస్తానా? నీ మీద ఒట్టు...”

“వద్దు. నా మీద అసలే వెయ్యకు.”

“ఏంటే ఆ చూపు?”

“పొద్దున మీ ఆడపడుచు ఫోన్ చేసింది.”

“ఎందుకు? ఏమంది?”

“నా ఒంట్లో ఎలా ఉందో అడగడానికి. నిన్ను తెగ పొగిడింది. ‘మా వదిన బంగారం. చిన్నోడికి రుబెల్లా అని డాక్టరు అనగానే, కడుపుతో ఉన్నదానివి ఇక్కడొద్దని, ఆ సాయంత్రమే నన్ను ఆటో ఎక్కించి అత్తారింటికి పంపేసింది’ అంది. పాపం, నాకూ కడుపని ఆమెకి తెలీదుగా.”

“అది... అదేంటంటే బుల్లీ...”

“ఆ మర్నాడే తెచ్చి వాణ్ణి నా చేతుల్లో పెట్టావు.”

“నేను చెప్పేది విను...”

“కడుపు సంగతి మా అత్తగారికి కూడా ఇంకా చెప్పలేదు. తెలిసిన రోజే ముందు నీకే చెప్పా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు!”

“ఆమెకేమైనా అయితే మా అత్తగారు నన్ను బతకనిచ్చేదా? మీ బావ ఊరుకునేవాడా? చచ్చేదాకా దెప్పేవాళ్ళు.”

“మరి నాకైతే?”

“అరవకే.”

“నాకైతే ఏంటక్కా? చెప్పు!”

“నువ్వైతే... నా చెల్లెలివి కదా, క్షమిస్తావనుకున్నా.”